శౌరి పోసిన చిక్కటి ఆయిలు

మనిషి ఎదురొస్తే అపశకునమని దారి తప్పుకునేవాళ్ల గురించి విన్నానుగాని, అలాంటి మనిషే తనంతట తాను తలుపు చాటున నిలబడడం నేను చూసింది కృష్ణానగర్‌లో, శౌరి ఇంట్లో.

ఆ రోజు పొద్దున్నే ఏదో పనిమీద వాళ్లింటికి వెళ్లాను. డ్యూటీకి సిద్ధమై, చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, సగం మూసిన తలుపు వెనక నిలబడి ఉన్నాడు. సందులో సినిమా వేషాల కోసం బయల్దేరిన కుర్రాళ్లు ఫొటోల కవర్లు చంకలో పెట్టుకుని, ఇస్త్రీ నలగకుండా నడుస్తున్నారు. బయటికి రావేమయ్యా అన్నాను. శౌరి తలుపు ఇంకాస్త దగ్గరికి వేశాడు. అతని భార్య కృపమ్మ చెప్పింది.

"వాళ్లు మెయిన్ రోడ్డెక్కాకే ఈయన బయటికొస్తారండి. ఈయన ఎదురైతే ఆ రోజు వేషం దొరకదంట. మొన్న ఒకబ్బాయి వెనక్కెళ్లి కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరాడు."

నాకు నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అంటే చిన్న విషయం కాదు. ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్లు నా ఫోనంటేనే భయపడతారు.

నా పేరు రాజ్యలక్ష్మి. నాకు రెండు జనరేటర్ వ్యాన్లున్నాయి. ఔట్‌డోర్ షూటింగుల్లో లైట్లకు కరెంటు కావాలి కదా, అది ఇచ్చే డీజిల్ ఇంజను వ్యాను వెనక పెద్ద డబ్బాలో ఉంటుంది. మా ఆయన మద్రాసులో ఉన్నప్పుడే ఈ వ్యాపారం పెట్టారు. సినిమా వాళ్లంతా ఒక్కొక్కరుగా హైదరాబాద్‌కు తరలుతుంటే మేమూ వచ్చి, ఫిల్మ్ నగర్ కొండ వాలులో బండరాళ్ల మధ్య రేకుల షెడ్డు వేసుకున్నాం. అప్పుడు మద్రాసు నుంచి వ్యాను తోలుకొచ్చినవాడు శౌరి. వాళ్లది ఫిరంగిపురం, క్యాథలిక్కులు. కొత్తగా పెళ్లయిన కృపమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వంటసామాను ఇంజను పక్కన కట్టుకుని, ఎక్కడా ఆగకుండా వచ్చాడు. మా ఆయన పోయాక రెండు వ్యాన్లూ నా నెత్తిన పడ్డాయి. ఆడది జనరేటర్లేం నడుపుతుందని నవ్వినవాళ్లున్నారు. వాళ్లు నవ్వుతున్నంతసేపూ ఇంజను ఆగకుండా చూసినవాడు శౌరి.

అతను మాటకారి కాదు. ఇంజను మీద కాస్త మసి కనపడితే మాత్రం తల్లి పిల్లాడి ముక్కు తుడిచినట్టు తుడిచేవాడు. మద్రాసు నుంచి వచ్చిన పాత ఇంజను ముసలిదైపోయి, నీలం పొగ కక్కుతూ, లోపల ఠకఠకమని కొట్టుకునేది. అందరూ దాన్ని తూకానికి అమ్మేయమన్నారు. శౌరి దానికి బాగా చిక్కటి ఆయిలు, యాభై నంబరుది, పోయడం మొదలుపెట్టాడు. అరిగిపోయిన భాగాల మధ్య సందులు పెరిగాయి కాబట్టి ఆ చిక్కదనం వాటిని నింపింది. పొగ తగ్గింది, చప్పుడు తగ్గింది, ఆయిలు ప్రెషర్ చూపించే మీటరు ముల్లు మళ్లీ లేచి నిలబడింది. ఆ ముసలి ఇంజను ఇంకా చాలాకాలం బతికింది. ఫిల్మ్ నగర్‌లో ఉన్న జనరేటర్ వాళ్లంతా వచ్చి శౌరిని అడిగి వెళ్లేవాళ్లు. చిక్కటి ఆయిలంటే బలం అన్న మాట అలా మా కొండ మీద వేదమైపోయింది. గేదె పాలు తాగి పెరిగినవాళ్లం, చిక్కదనమే బలం కాదంటే ఎవరు నమ్ముతారు?

తొంభై రెండులో కొత్త ఇంజను కొన్నాను. అమ్మిన కంపెనీ మనిషి వచ్చి బిగించి, దీనికి పదిహేను-నలభై ఆయిలే పోయండని చెప్పి వెళ్లాడు. శౌరి ఆ ఆయిలు రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు.

"ఇది నీళ్లలా ఉందమ్మా. ఇంత ఖరీదు పెట్టి కొన్నదానికి నీళ్లు పోస్తామా?"

అందరం అతని మాటే సరైందన్నాం. అతను ఆ పల్చటి ఆయిలు తీసేసి, శుభ్రంగా వడగట్టిన యాభై నంబరు ఆయిలు తన చేత్తో పోశాడు. మీటరు ముల్లు పైదాకా లేచింది. శౌరి ముఖం వెలిగిపోయింది. కృపమ్మను పిలిచి మరీ చూపించాడు.

ఇక్కడ మా సినిమా వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ముహూర్తం షాటు రోజున కెమెరా స్విచ్చి, క్లాపు, కొబ్బరికాయ, అన్నీ పంతులుగారు పెట్టిన నిమిషానికే జరగాలి. జనరేటరు కూడా ఆ నిమిషానికే స్టార్టు కావాలి. నిర్మాత వచ్చి తాళం తిప్పుతాడు, వెంటనే లైట్లన్నీ ఒక్కసారిగా వెలగాలి. అంతకు ముందే ఇంజను ఆడిస్తే తాళి కట్టకముందే తలంబ్రాలు పోసినట్టే. ముహూర్తాలేమో చాలావరకు తెల్లవారుజామునే పడతాయి.

ఆ కార్తీకంలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముందు ముహూర్తం. ఎముకలు కొరికే చలి. కొబ్బరికాయ కొట్టారు, తాళం తిప్పారు, లైట్లు వెలిగాయి. దేవుడి పటం మీద షాటు తీస్తుండగానే ఇంజను ఒక్క మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. చీకటి. హారతి పళ్లెంలో కర్పూరం ఒక్కటే వెలుగుతోంది. ఆ సినిమా తర్వాత ఒక్క అడుగు కూడా కదల్లేదు.

ఇంజను విప్పితే చూసినవాళ్లందరం నివ్వెరపోయాం. కొత్త ఇంజను. లోపల బేరింగులకు తెల్లగా మెరవాల్సిన పూత అరిగిపోయి, కింద రాగి బయటపడింది. ఏళ్ల తరబడి తిరిగితే అరగాల్సినంత అరుగు. శౌరి ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని, చచ్చిన పిట్టను చూసినట్టు చూశాడు. బాగుచేసిన యూసుఫ్‌గూడ మెకానిక్కు, ఆయిలు ఇంకా చిక్కటిది పొయ్యమన్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. శౌరి ఈసారి చిక్కబరిచే మందు కూడా ఒక డబ్బా కలిపాడు.

మాఘమాసంలో మళ్లీ ముహూర్తం. ఈసారి నిర్మాత పట్టాభిరామయ్యగారు. గుడివాడ మనిషి, నిలువు నామం, పట్టుపంచె, పిల్లి ఎదురొస్తే కారు వెనక్కి తిప్పించే రకం. ఆయనే స్వయంగా తాళం తిప్పారు. లైట్లు వెలిగి, అదే మూలుగు, అదే చీకటి. పట్టాభిరామయ్యగారు తాళం మీద చెయ్యి అలాగే ఉంచి, శౌరి వైపు తిరిగి అన్నారు.

"పోయినసారి కూడా ఇంజను దగ్గర ఉన్నది నువ్వే కదయ్యా?"

అంతే. అంతకన్నా ఒక్క మాట అనలేదు. సాయంత్రానికల్లా కృష్ణానగర్ టీకొట్ల దాకా పాకిపోయింది, శౌరిది ఐరన్ లెగ్గట. సినిమా ఊళ్లో ఆ పేరొకసారి పడిందంటే, కుష్ఠురోగమైనా నయం, దానికి ఆస్పత్రి ఉంది.

మళ్లీ బాగుచేయించాను, శౌరి మళ్లీ ఆ చిక్కటి ఆయిలే పోశాడు. విచిత్రం ఏమిటంటే, ఎండాకాలమంతా ఆ ఇంజను బ్రహ్మాండంగా ఆడింది. మామూలు షూటింగుల్లో ఎప్పుడూ పేచీ పెట్టలేదు. దాంతో జనానికి ఇంకా గట్టి సాక్ష్యం దొరికింది. ఇంజను మంచిదే, ముహూర్తానికి శౌరి ఉంటేనే చస్తోందని తేల్చేశారు. షెడ్డు ఊడ్చే మల్లమ్మ కూడా ఒకరోజు చీపురు పక్కన పెట్టి నాతో అంది.

"అమ్మా, శౌరన్న మంచోడే. గాని జర కొన్నొద్దులు వేరే పని చెప్పరాదు? మంది అట్ల అనుకుంటుండ్రు, మనకెందుకు ఫికర్?"

నేను తిట్టి పంపాను. ఆ తర్వాతే నేను కృష్ణానగర్ వెళ్లి, తలుపు చాటున నిలబడ్డ శౌరిని చూసింది. అంతకంటే దారుణం అతని నోటి వెంట వచ్చిన మాట.

"నేను మానేస్తానమ్మా. ఫిరంగిపురం పోయి పొగాకు పనికెళ్తాం. మీకింత నష్టం తెచ్చాను. నాలోనే ఏదో ఉందేమో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా అన్నారంటే సరే, మొరిగే కుక్కలకు సమాధానం చెప్పలేం. ఆదివారం ఆదివారం గుడికెళ్లి మోకరిల్లే మనిషి, ఇంజను మనసు తెలిసిన మనిషి, తన కాలిలో శని ఉందని తానే నమ్మేశాడు. నేను భరించలేకపోయింది అది. నువ్వెళ్లిపోతే ఈ వ్యాన్లు హుస్సేన్ సాగర్‌లో తోసేస్తానని చెప్పి వచ్చేశాను. కాని కారణం ఏమిటో నాకూ తెలియదు. తెలియనప్పుడు ఎంత అరిచినా ఏం లాభం?

తర్వాతి కార్తీకంలో నాకు తల తిరిగి, బంజారా హిల్స్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. బీపీ ఎక్కువుందన్నాడు. షెడ్డుకొచ్చి శౌరి ముందు విసుక్కున్నాను.

"మీటరు పైకెక్కిందట. పైకెక్కితే మంచిదే కదా, గుండె గట్టిగా కొడుతోందన్నమాట అంటే నవ్వుతాడేంటయ్యా ఆ డాక్టరు. రక్తం సాఫీగా పారడం లేదమ్మా, పారనిదాన్ని తోయాల్సి వస్తోంది కాబట్టే మీటరు ఎక్కుతోంది అన్నాడు."

శౌరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా వైపు చూడలేదు. ఇంజను మీటరు వైపు చూశాడు. "రేపు తెల్లారకట్ల ఒకసారి వస్తారా అమ్మా?" అన్నాడు.

వెళ్లాను. బండరాళ్ల మీద మంచు తేమగా ఉంది. శౌరి ఇంజను పైమూత విప్పి పెట్టాడు. లోపల వాల్వులను తొక్కే ఇనుప కడ్డీలు వరసగా కనపడుతున్నాయి. ఆయిలు కింద తొట్టిలో ఉంటుంది, పంపు దాన్ని బేరింగులన్నిటికీ పంపి, చివరికి ఈ పైకి తెస్తుంది. అతను తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. మీటరు ముల్లు ఎప్పటిలాగే చివరిదాకా లేచింది. పైన మాత్రం కడ్డీలు పొడిగా, ఒకదాన్నొకటి నూరుకుంటూ, కీచుమంటున్నాయి. ఆయిలు రాలేదు. చూస్తున్నాం, చూస్తున్నాం, రాలేదు. అంతలో ఒక రంధ్రంలోంచి పేరిన నెయ్యిలా ఒక ముద్ద మెల్లగా బయటికొచ్చింది. శౌరి గబుక్కున ఇంజను ఆపేశాడు.

అతని ముఖం చూసి భయమేసింది. కింద కూలబడిపోయాడు.

"మూడుసార్లూ నేనే పోశానమ్మా. దానికి ఊపిరాడకుండా నేనే గొంతులో కుక్కాను. ముల్లు లేచిందని మురిసిపోయాను."

ఇద్దరం కంపెనీ ఆయిలు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. పాత ఇంజనులో సందులు పెద్దవి, చిక్కటి ఆయిలు పట్టింది. కొత్తదాని సందులు వెంట్రుకంత, వాటిలోకి పల్చటిదే వెళ్లగలదు. డబ్బా మీది పదిహేను-నలభైలో మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, అది తగ్గేకొద్దీ చలిలోనూ తొందరగా పారుతుంది. రెండో అంకె వేడెక్కాక ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. అందుకే కంపెనీ మనిషి పదిహేను-నలభై అన్నాడు. మామూలు షూటింగుల్లో యూనిట్టు ఇడ్లీలు తినేలోపే శౌరి ఇంజను స్టార్టు చేసి పెడతాడు, లైట్లు వెలిగేసరికి ఆయిలు వేడెక్కి పల్చబడి ఉంటుంది. ముహూర్తం రోజునే ఆ వ్యవధి ఉండదు. చలికి బిగుసుకున్న ఇంజను మీద, ఆయిలు బేరింగు చేరకముందే, లైట్ల బరువంతా ఒక్కసారి పడేస్తాం. ఇనుము ఇనుమును తినేస్తుంది. ఇందులో ఎవరి కాలూ లేదు, శనీ లేదు.

మర్నాడు పల్చటి ఆయిలు పోసి, అదే చలిలో మళ్లీ పైమూత తీసి చూశాం. తాళం తిప్పిన కాసేపటికే కడ్డీల మీద ఆయిలు తళతళమని పారింది. శౌరి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎవరూ లేరు కాబట్టి.

మార్గశిరం మొదట్లో పట్టాభిరామయ్యగారు కొత్త సినిమా మొదలుపెడుతూ నాకు కబురు చేశారు. మా వ్యాను అంత పెద్దది ఆ వారం ఇంకెక్కడా ఖాళీ లేదట. ఒకటే షరతు, శౌరి ఆ ఛాయలకు రాకూడదు. నేను ఆయిలు సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, "అవన్నీ సరేనమ్మా, ఆ మనిషి మాత్రం వద్దు" అన్నారు. నేను వ్యాను పంపను పొమ్మని లేచాను. శౌరే నన్ను ఆపాడు.

"పంపండమ్మా. నేను రాను. ఇక్కడే పని చేసి పంపిస్తాను."

ఆ రోజు వేకువనే షెడ్డులో తనే ఇంజను స్టార్టు చేశాడు. బాగా ఆడించి, ఇనుము మీద చెయ్యి పెట్టి చూసి, వేడెక్కాక ఆపేసి, రెండో డ్రైవరు అంతోనికి వ్యాను అప్పజెప్పాడు. గొంగళ్లు కప్పి పంపాడు, దారిలో చల్లారకుండా. అక్కడ పట్టాభిరామయ్యగారు తాళం తిప్పారు. లైట్లు వెలిగాయి. ఆరలేదు. హారతి అయింది, షాటు అయింది, చప్పట్లు మోగాయి. నేను ఊపిరి పీల్చుకుంటుండగా ఆయన నా దగ్గరికొచ్చి, అందరికీ వినపడేట్టు అన్నారు.

"చూశారా అమ్మా? శౌరి రాలేదు, దీపం ఆరలేదు."

చెంప మీద కొట్టినట్టయింది. అతను దిద్దుకున్న తప్పే అతని మీద సాక్ష్యమైపోయింది. అక్కడికక్కడే అరిచేద్దామనుకున్నాను. కాని ముహూర్తానికి ముందే ఐరన్ లెగ్గు ఇంజను తిప్పిందని తెలిస్తే ఆ సినిమా అక్కడే ఆగిపోతుంది, ఎంతోమంది పొట్టలు మాడతాయి. మింగేశాను. వాళ్లింటికెళ్లి శౌరికి చెబితే, "ఇంజను ఆడింది కదమ్మా" అన్నాడు. కృపమ్మ మాత్రం ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు శౌరి సందులో జనం లేనప్పుడే గడప దాటేవాడు.

ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది. వంద రోజుల పండుగ పెట్టి అందరికీ షీల్డులిచ్చారు, జనరేటరు వాళ్లకు కూడా. నా వంతు వచ్చింది. పట్టాభిరామయ్యగారు నవ్వుతూ షీల్డు చేతికిస్తున్నారు. ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు. నేను ఫొటోకు నవ్వుతూనే, ఆయనొక్కరికే వినపడేట్టు చెప్పాను.

"ఆ ముహూర్తం చేసింది మీరు కాదండి. అప్పటికి శౌరి ఇంజను స్టార్టు చేసి చాలాసేపైంది. మీరు తిప్పింది వేడి ఇంజను."

ఆ ఫొటో ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను. పట్టాభిరామయ్యగారు నోరు తెరిచి ఉన్నారు.

తర్వాత ఆయన దగ్గర్నుంచి కబురు లేదు, ఫోను లేదు. వ్యాపారం పోయిందనే అనుకున్నాను. మళ్లీ ముహూర్తాల కాలం వచ్చాక ఒక తెల్లవారుజామున వ్యాను ఆయన సినిమాకే బుక్కయింది, ఆఫీసు నుంచి ఎవరో చేశారు. శౌరి ఎప్పటిలాగే ఇంజను ఆడించి ఆపి, గొంగళ్లు కప్పుతున్నాడు. కృపమ్మ ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. వాలు మీద కారు లైట్లు కనపడ్డాయి. పట్టాభిరామయ్యగారు ఒక్కరే దిగారు, పట్టుపంచెతో, రాళ్ల మీద తడబడుతూ. ఆయన సూటిగా శౌరి దగ్గరికి వెళ్లారు.

"నాతో రా శౌరీ. కారులో కూర్చో. ఈ రోజు తాళం నువ్వే తిప్పాలి."

"ఆయిలు సంగతి మీకు చెప్పనా అండి?"

"ఆయిలు నాకెందుకయ్యా. నీ చెయ్యి పడితే నా సినిమా ఆడింది. అంతే చాలు."

నేను సంతోషించబోయాను. శౌరి ముఖం చూసి ఆగిపోయాను. ఐరన్ లెగ్గు అన్ననాడు కూడా ఆ ముఖం అంత వాడిపోలేదు. అతను చేతులు తుడుచుకున్నాడు.

"నేను రానండి. ఈ రోజు ఆడితే నా చెయ్యంటారు. రేపు ఏ వైరో తెగి ఆగితే మళ్లీ నా కాలంటారు. రెండేళ్లుగా నా ఇంట్లోనే తలుపు చాటున దాక్కున్నాను. ఆ చెయ్యీ వద్దు, ఆ కాలూ వద్దు."

పట్టాభిరామయ్యగారితో ఎవరూ అలా మాట్లాడి ఉండరు. ఆయన గడియారం చూసుకున్నారు.

"మరి ఏం చేయమంటావు? టైము దాటిపోతోంది."

శౌరి గొంగడి ఎత్తాడు.

"ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆయన కాసేపు వెనకాడి, ఉంగరాల చెయ్యి ఇనుము మీద పెట్టారు. వెచ్చగా ఉన్నట్టుంది, తీయలేదు. శౌరి పక్కన నిలబడి, చలిలో ఆయిలు ఎలా పేరుకుంటుందో, బేరింగు ఎందుకు అరుగుతుందో, తాను ఎక్కడ పొరబడ్డాడో, మొదటి నుంచీ చెప్పాడు. అంత పొడుగు మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు. పట్టాభిరామయ్యగారు చెయ్యి అలాగే ఉంచి విన్నారు. చివర్న, "అయితే ఆ రోజు నిన్ను అన్న మాట తప్పేనయ్యా" అన్నారు. కృపమ్మ చేతిలో ఫ్లాస్కు మూత దొర్లుకుంటూ కిందికి పోయింది. ఎవరం దాన్ని పట్టుకోలేదు.

శౌరి కారెక్కలేదు. వ్యాను ఎక్కి, తన పాత డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ముందు సీట్లోకి కృపమ్మను రమ్మన్నాడు. కృష్ణానగర్ మీదుగా, తమ సందు ముందునుంచే పోనియ్యమని ఆమె అంది. అటు కాదు కదా దారి అన్నాడు శౌరి. అటే పోనియ్యమంది.